గోపురం పడమటి పక్క

గులాబీ రైతుల సంఘం ఆ సాయంత్రం హోసూరులో చేసిన తీర్మానాన్ని ఉన్నది ఉన్నట్టుగానే చెబుతాను. నా మాటల్లో చెబితే అతిశయోక్తి అనుకునే ప్రమాదం ఉంది. నెదర్లాండ్స్ పూల సంతకు వెళ్ళే బృందానికి, తిరుగు ప్రయాణానికి ముందు, డెల్ఫ్ట్ అనే పాత ఊళ్ళో ఒక మధ్యాహ్నం ఖాళీ దొరుకుతుంది. ఆ మధ్యాహ్నం పురుష సభ్యులు ఊరు చూస్తారు. మహిళా సభ్యులు, దారి తప్పే అవకాశం ఉన్నందువల్ల, బస్సు ఆగిన చోటనే ఒక హోటల్లో కూర్చుని కాఫీ తాగుతారు.

దారి తప్పడం అనే మాటకు సంఘంలో ఒక చరిత్ర ఉంది. అంతకు ముందు ఏడాది అందరూ కలిసి మైసూరు వెళ్ళినప్పుడు ఇద్దరు సభ్యులు తప్పిపోయారు. వారిని పోలీసు స్టేషన్ నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. ఆ ఇద్దరూ పురుషులే. వారిలో ఒకరు సంఘం అధ్యక్షుడు సుబ్బరాయప్ప.

నేను సంఘ సభ్యురాలిని కాను. కృష్ణగిరిలో ముప్పై ఏళ్ళకు పైగా చరిత్ర పాఠం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. ఒకప్పుడు డెల్ఫ్ట్ వీధుల్లో ఒంటరిగా, కాగితపు పటం చేతబట్టుకుని తిరిగినదాన్ని కనుక ఆ ఊరి గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాక ఈ తీర్మానం చదివారు. నా పక్కన కూర్చున్న నా పినతల్లి కూతురు పుట్టమ్మ లేచి నిలబడింది.

పుట్టమ్మ పుట్టింది అంచెట్టి కొండల్లో. మెట్టినిల్లు బాగలూరు. ఎకరం మేర ప్లాస్టిక్ పరదా కప్పిన పాలీహౌస్ వేసి ఎర్ర గులాబీలు పెంచుతుంది. సంఘానికి కట్టవలసిన చందా ఏనాడూ ఆలస్యం చేసింది కాదు, మీటింగులో గొంతు ఎత్తిందీ లేదు.

"ఏమప్పా సుబ్బరాయప్పా, కాఫీ తాగేదానికి విమానమెక్కి పోవల్లా? హోసూరు బస్టాండులో దొరకదా కాఫీ?" అంది.

"అది కాదమ్మా. తెలియని ఊరు, తెలియని బాస. యాడికో పోయి తప్పిపోతే ఎవురు జవాబు చెప్పల్ల?"

"మైసూరులో తెలిసిన బాసే కదప్పా. కన్నడ నీకు నాకంటే బాగా వస్తాది."

వెనక వరుసలో ఎవరో దగ్గారు. సుబ్బరాయప్ప కండువా సర్దుకున్నాడు.

"నా పూలు పన్నెండేండ్లుగా ఆ దేశం పోతావుండాయి," అంది పుట్టమ్మ. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "పెట్టెలో పడుకోని పోతాయి, మళ్లా రావు. అవి చూసిన వీధి నేను చూడద్దా? నా కాళ్లతో, నాకు తోచినట్ల, ఒక్క పూట. పక్కన కాపలా లేకుండా. అంతే నేనడిగేది."

జవాబు లేనప్పుడు సభలు చేసే పనే ఆ సభ కూడా చేసింది. పరీక్ష పెడదామంది. మహిళలు దారి తప్పకుండా తిరిగి రాగలరని ముందుగా ఇక్కడే రుజువు చేస్తే తీర్మానాన్ని మార్చుకుంటారట. పురుషులకు పరీక్ష ఎందుకు లేదని అడిగాను. సుబ్బరాయప్ప నవ్వి, "మీరు లెక్చరరమ్మ, మీతో వాదానికి మేమాగతామా?" అన్నాడు. వాదం తమ వల్ల కాదని ఒప్పుకుంటూనే దాన్ని గెలిచినట్టు ప్రకటించే ఈ పద్ధతిని నేను ఉద్యోగకాలమంతా చూశాను. ఇప్పటికీ అలవాటు పడలేదు.

డెల్ఫ్ట్‌ను తమంతట తాము నడిచి చూడటానికి వీలుగా తెలుగులో ఒక దారి నేనే రాసి, చదివి, ఫోన్లలో పెట్టి ఇస్తానని ఆ సభలోనే చెప్పాను. ఒక్కొక్క మలుపు దగ్గర ఒక్కొక్క మాట వినాలి, విన్నంత మేర నడవాలి, మళ్ళీ వినాలి. మార్గదర్శి ఉండడు. జెండా పట్టుకుని ముందు నడిచేవాడు ఉండడు. చూడదగిన చోట ఎంతసేపు నిలబడాలో నిలబడినవాళ్ళే నిర్ణయించుకుంటారు. ఊరు చూడటమంటే నా దృష్టిలో అదే. తక్కినదంతా మంద తోలడం.

రాతప్రతి సిద్ధమయ్యాక దాన్ని రికార్డు చేయవలసింది తేజస్విని. సంఘం ఆఫీసు పనులన్నీ చూసే అమ్మాయి. గుంటూరు నుంచి వచ్చి హోసూరులో రెండేళ్ళుగా ఉంటోంది. మొదటి పేజీ చదివి కలం కింద పెట్టింది.

"మేడమ్ గారూ, ఏమీ అనుకోకండి. తూర్పుకి తిరగండి, ఉత్తరానికి నడవండి అంటే ఈ రోజుల్లో ఎవరికి తెలుస్తుందండీ? లెఫ్ట్, రైట్ అంటే సరిపోతుంది కదా. ఆ ఊరి టూరిస్టు ఆఫీసు కాగితం ఒకటి దొరికింది, ఫోన్లో తెలుగు చేసి పెట్టానండీ. అందులో అంతా లెఫ్ట్, రైటే."

"ఎవరి లెఫ్టు?"

"నడిచేవాళ్ళదండీ."

"నడిచేవాళ్ళు ఎటు తిరిగి ఉన్నారు?"

"ఎటు తిరగాలో ముందు లైన్లో చెప్తాం కదండీ."

"మధ్యలో ఒక అంగడి కనిపించి వెనక్కి తిరిగితే?"

"చూసుకుని మళ్ళీ ముందుకి తిరుగుతారండీ."

"మైసూరులో తిరగలేదు," అన్నాను.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. అప్పటికి నా మాటే సబబని ఒప్పుకోలేదు కాని, నేను రాసినట్టే చదవనిచ్చింది. మా వైపు మెట్ట ఊళ్ళలో దారి చెప్పేవాళ్ళెవరూ ఎడమ, కుడి అనరు. ఇంటికి తూర్పున కొట్టం, కొట్టానికి ఉత్తరాన బావి. పుట్టమ్మ అయితే వంటింట్లో ఉప్పు డబ్బా కూడా పడమటి గూట్లో ఉందని చెబుతుంది. ఎడమ కుడులు మనిషివి, మనిషి తిరిగితే అవీ తిరుగుతాయి. తూర్పు ఊరిది, ఎవరు ఎటు తిరిగినా అది కదలదు. తెలియని ఊళ్ళో కదలని దాన్ని పట్టుకోవడమే వివేకమని నా అభిప్రాయం.

పరీక్ష సంఘం ప్యాకింగ్ షెడ్డులో జరిగింది. డెల్ఫ్ట్ నడిబొడ్డును ఆ నేలమీద నేనే పరిచాను, దిక్కులు ఏమాత్రం తప్పకుండా. కాలువలకు నల్లటి డ్రిప్ పైపులు, చర్చీలకు పూలు సర్దే ప్లాస్టిక్ పెట్టెలు. బస్సు ఆగే చోటు నైరుతిలో. అక్కడి నుంచి పాత కాలువ వెంట ఉత్తరానికి నడిస్తే కాలువ గట్టునే పాత చర్చి. దానికి ఆగ్నేయంగా పెద్ద అంగడివీధి. వీధికి తూర్పు కొసన కొత్త చర్చి, పడమటి కొసన నగరసభ భవనం. నగరసభ వెనక నుంచి మళ్ళీ కాలువ, కాలువ వెంట దక్షిణంగా బస్సు. చక్కగా ముడిపడే దారి.

పుట్టమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుని బయలుదేరింది. షెడ్డులో నా గొంతు నాకే వినిపిస్తోంది. "కాలువను పడమర పక్క ఉంచుకుని ఉత్తరానికి నడవండి." నడిచింది. పాత చర్చి దగ్గర ఆగింది. "ఇక్కడి నుంచి ఆగ్నేయానికి." పైపులు దాటి అంగడివీధికి వచ్చింది. సభ్యులంతా గోడవార నిలబడి చూస్తున్నారు. సుబ్బరాయప్ప ముఖంలో కొంచెం నిరాశ కనబడటం మొదలైంది.

"ఇది కొత్త చర్చి," అంది నా గొంతు. "కొత్తదని పేరే కాని ఆరువందల ఏళ్ళు దాటింది. పాతది దీనికన్నా పాతది, అంతే. దీని గుమ్మం ముందు నిలబడండి. గుమ్మానికి వీపు పెట్టి వీధి చివరిదాకా తిన్నగా నడిస్తే నగరసభ భవనం చేరతారు."

పుట్టమ్మ పెట్టెల ముందుకు వచ్చింది. ఒక్క క్షణం చూసింది. తర్వాత పెట్టెలను కుడిచేతి వైపు ఉంచుకుని, ఉత్తరం పక్కగా చుట్టు తిరిగి, తూర్పు వైపుకు వెళ్ళింది. అక్కడ నిలబడి చేతులు జోడించింది. పెట్టెలకు వీపు తిప్పింది. తిన్నగా నడిచింది. ఒక పైపు దాటింది, రెండో పైపు దాటింది, గులాబీ కాడలు నానబెట్టే నీళ్ళ తొట్టిలో మోకాలి దాకా కాలు పెట్టింది.

షెడ్డంతా ఘొల్లుమంది.

"చూసినారా?" అన్నాడు సుబ్బరాయప్ప. "ఇట్లే విడిస్తే సముద్రంలోకి పోతాది."

"సముద్రం ఆ ఊరికి పడమర," అన్నాను. "ఆమె నడిచిన దిక్కున జర్మనీ ఉంది."

"యాడికి పోయినా పోయిందే కదమ్మా. ఇంకోటి చెప్తా వినండి. ఈడ ఎండ ఏటవాలుగా పడతావుంది, దిక్కులు తెలుస్తాయి. ఆడ నవంబరు నెలంతా మబ్బంట. సూర్యుడే లేకుంటే మీ తూరుపేది, పడమరేది?"

ఆ సాయంత్రం ఆయన అన్నవాటిలో ఆలోచించదగిన మాట అదొక్కటే. అందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. నేను అక్కడ తిరిగింది జూన్‌లో.

పుట్టమ్మ తొట్టి అంచున కూర్చుని చీర కుచ్చిళ్ళు పిండుకుంటోంది. నవ్వేవాళ్ళను పట్టించుకోలేదు. ఆమె కళ్ళు పెట్టెల మీదే ఉన్నాయి.

"అక్కా, గుడి గుమ్మం తూరుపున లేకుంటే మరి యాడుంది?"

"పడమర."

"పడమరా? అయితే సామి పడమరకు చూస్తాడా?"

"సామి ఎటూ చూడడు. మొక్కేవాళ్ళు తూర్పుకు చూస్తారు. అందుకని లోపల ముఖ్యమైన చోటు తూర్పు కొసన ఉంటుంది. గుమ్మం, దాని మీద గోపురం పడమటి..."

వాక్యం పూర్తి చేయలేదు. అది నేను తరగతిలో ఎన్నో ఏళ్ళు చెప్పిన వాక్యమే. మన గుళ్ళు ఎక్కువగా తూర్పుకు ముఖం పెడతాయి, కనుక మనం తూర్పు గుమ్మంలో ప్రవేశించి పడమరకు తిరిగి దణ్ణం పెడతాం. వాళ్ళు పడమటి గుమ్మంలో ప్రవేశించి తూర్పుకు తిరుగుతారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా కూడా ఇచ్చాను. దారి మొత్తం దిక్కుల మీద నిలబెట్టి, ఆ ఒక్క చోట గుమ్మాన్ని నమ్ముకున్నాను. ఆ గుమ్మం ఎటుందో చెప్పకుండా, పుట్టిన దగ్గర్నుంచి గుడికి తూర్పునుంచే వెళ్ళిన మనిషిని దాని ముందు నిలబడమన్నాను. ఆమె సరిగ్గానే నిలబడింది. తప్పింది నా వాక్యం.

"రెండు గుడులకీ గోపురం పడమరేనా?" అంది పుట్టమ్మ.

"రెండింటికీ. ఐరోపాలో అన్నిటికీ అని చెప్పలేను, పాతవాటిలో చాలావాటికి అంతే. ఈ ఊళ్ళో ఈ రెండింటికీ నిశ్చయంగా అంతే."

"ఊర్లో యాడ నిలబడినా కనపడతాయా ఆ గోపురాలు?"

"కొత్త చర్చి గోపురం వంద మీటర్ల పైచిలుకు."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పుట్టమ్మ లేచి, తడి కాలితోనే సుబ్బరాయప్ప ముందుకు వెళ్ళింది.

"సూర్యుడు నీకే ఉండనీలేప్పా. నాకు గోపురం చాలు."

"అంటే ఏందమ్మా?"

"అంటే ఏమంటే," అన్నాను, "చర్చికి గోపురమున్న కొస పడమర. గోపురం లేని పొడుగాటి కప్పు సాగిన వైపు తూర్పు. మబ్బు పట్టినా, వాన పడినా అది మారదు. మీ అభ్యంతరానికి జవాబు ఆరువందల ఏళ్ళ కిందట రాతితో కట్టి పెట్టారు. రేపు మళ్ళీ పరీక్ష పెట్టండి. సూర్యుడు లేని చోటే పెట్టండి."

సూర్యుడు లేని చోటు సంఘం దగ్గర ఒకటే ఉంది, పూలు నిలవచేసే కోల్డ్ రూము. కిటికీలు లేని గది. మరునాడు పూలన్నీ ఒక మూలకు జరిపి, ముందటి రోజు పటాన్నే కుదించి ఆ గదిలో పరిచాం. ఈసారి ప్రతి చర్చికీ పడమటి కొసన ఒక వెదురుబద్ద నిలబెట్టాను. పుట్టమ్మ మనవడి కోతిటోపీ పెట్టుకుని, రెండు స్వెట్టర్లు తొడుక్కుని వచ్చింది.

ముందు తేజస్విని తన కాగితంతో నడుస్తానంది. పోటీకి కాదు, న్యాయానికి. కళ్ళకు తువాలు కట్టి, గుండ్రంగా తిప్పి, అంగడివీధి నడుమ వదిలారు. తువాలు తీసి కాగితం చూసింది. "ఎడమ పక్కకు తిరగండి," అని పైకి చదివింది. ఎడమకు తిరిగింది. ఆగింది. కాగితాన్ని తలకిందులుగా పట్టుకుంది. "కానీ ఇప్పుడు నేను ఎటు నిలబడ్డానో..." అంది. ఆ తర్వాత తనలో తనే నవ్వుకుని కాగితాన్ని మడిచి స్వెట్టర్ జేబులో పెట్టుకుంది. "మేడమ్ గారూ, గోపురం సంగతి మొదట్లోనే చెప్పాలండీ. మళ్ళీ రికార్డు చేద్దాం."

పుట్టమ్మకు తువాలు కట్టింది సుబ్బరాయప్ప. ముడి గట్టిగా వేశాడు. తిప్పడం కూడా ఆయనే తిప్పాడు.

"చాలప్పా! గానుగెద్దు మాదిరి తిప్పుతా ఉండావే. కళ్లు తిరిగితే నీ మీదే పడతా."

"అయిపోయిందిలేమ్మా. ఇంగ నడువు."

తువాలు తీయగానే ఆమె నేల చూడలేదు. ముందుగా వెదురుబద్దలు వెతికింది. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. "అదో గోపురం. అది పడమరంటే, నా వీపు దక్షిణం," అంది. అందరికీ వినిపించేటట్టు అంది, నాకోసం కాదు. కొత్త చర్చి పడమటి కొసకు వెళ్ళి, వెదురుబద్దకు వీపు ఆనించి నిలబడింది. అక్కడి నుంచి తిన్నగా నగరసభ. నగరసభ వెనక కాలువ. కాలువ దగ్గర ఆగి, తేజస్వినికేసి తిరిగి, "ఎడమా కుడీ ఎద్దులకమ్మా," అంది. "ఊరికి దిక్కులుంటాయి." ఆ తర్వాత పైపు వెంట దక్షిణానికి నడిచి, బస్సుగా నిలబెట్టిన నీలం డ్రమ్ము మీద చెయ్యి వేసింది. డ్రమ్ము చల్లదనానికి చెయ్యి వెంటనే తీసేసుకుంది.

బృందంలో వెళ్ళే తక్కిన ముగ్గురు ఆడవాళ్ళు కూడా నడిచారు. ఒకామె నగరసభ దగ్గర తడబడి, గోపురం చూసుకుని సర్దుకుంది. గది బయటికి వచ్చాక హోసూరు ఎండ అందరికీ హాయిగా అనిపించింది.

"సరేలేమ్మా," అన్నాడు సుబ్బరాయప్ప, చేతులు రుద్దుకుంటూ. "సంఘం అనుమతిస్తావుంది."

"అనుమతి నీ జేబులోనే పెట్టుకోప్పా," అంది పుట్టమ్మ. "బస్సు మళ్లా ఎన్ని గంటలకు కదిలేది, అది చెప్పు చాలు."

ఆయన చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన చూపు గది తలుపు సందులోంచి కనిపిస్తున్న వెదురుబద్దల మీద ఉండటం గమనించాను. కొన్ని విషయాలు వ్యాఖ్యానం లేకుండానే సంపూర్ణంగా ఉంటాయి.

బృందం నవంబరులో వెళ్ళింది. డెల్ఫ్ట్‌లో వాళ్ళకు మధ్యాహ్నమైనప్పుడు హోసూరులో దీపాలు పెట్టే వేళ. ఫోను చేయవద్దని నేనే చెప్పాను. తనంతట తాను నడవడానికి వెళ్ళిన మనిషి ఇంటికి ఫోను చేస్తే ఆ నడకకు అర్థం లేదు. అయినా ఫోను బల్లమీదే పెట్టుకుని కూర్చున్నాను, దానికి కారణం చెప్పవలసిన అవసరం నాకు లేదు.

మోగింది. తెరమీద పుట్టమ్మ ముఖం, కోతిటోపీతో. వెనక తడిసిన రాతిగోడ, పైన బూడిదరంగు ఆకాశం. సుబ్బరాయప్ప చెప్పిన మబ్బు సరిగ్గా ఆయన చెప్పినట్టే ఉంది.

"అక్కా, నీ పాత గుడి గోపురం వాలిపోయుంది. చెప్పనే లేదే నువ్వు!"

"చెప్పాను. మూడో మలుపు దగ్గర."

"చెప్పితివా? వానలో వినలేదు. వాలినా పడమరే కదా అనుకొని పోయినా. ఇంగోటి. కొత్త గుడి లోపల తూరుపు కొసలో దేవుడు లేడక్కా. సమాధి ఉంది. ఆ దొర కాళ్ల దగ్గర రాతికుక్క పడుకోనుంది."

"అది వాళ్ళ దేశాన్ని స్వతంత్రం చేసినవాడి సమాధి. అదీ చెప్పాను."

"కుక్క బాగుండాది," అంది పుట్టమ్మ, నా మాట విననట్టే. "వీధిలో ఒకామె బండి మీద పూలమ్ముతావుంది. ఎర్రవి. మనవో కాదో తెలీలే. కొంచేపు నిలబడి చూసినా. ఎవురూ రమ్మనలే, పొమ్మనలే."

వెనక ఎక్కడి నుంచో ఒక మగగొంతు వినిపించింది. "పుట్టమ్మా! నిలబడమ్మా, నేనూ వస్తా!"

"ఎవరది?"

"ఇంకెవురు? సుబ్బరాయప్ప. వాళ్లు మొగోళ్లంతా కలిసే పోయినారు, ఎట్లనో ఈయనొక్కడే మిగిలినాడు."

తెర కదిలింది. ఆమె నడుస్తూ మాట్లాడుతోందని అప్పుడు గమనించాను. పక్కన గోడ పొడుగ్గా సాగి, ఎక్కడో వంపు తిరుగుతోంది. గోపురం కనిపించడం లేదు. కప్పు ఒక్కటే కనిపిస్తోంది. అది కొత్త చర్చి తూర్పు వైపు. తొట్టిలో కాలు పెట్టిన వైపు.

"పుట్టీ, వెనక పక్కకు ఎందుకు పోయినావు? గుమ్మం పడమరని ఎన్నిసార్లు చెప్పాను?"

"తెలుసులేక్కా," అంది తాపీగా. "గుమ్మంలోంచే లోపలికి పోయినా, గుమ్మంలోంచే వచ్చినా. ఇప్పుడు చుట్టు తిరుగుతా ఉండా. ఇంత దూరం వచ్చి ఒక్క చుట్టయినా తిరగకుండా పోతే ఏం బాగుంటాది? సగమయింది. మాట్లాడతా చుట్టు తిరగకూడదు, పెట్టేస్తా."

పెట్టేసింది.